ట్యాంకు ఎక్కాలా, వద్దా? స్టీఫెన్‌సన్ 'కమాండ్ లైన్' మళ్ళీ చదివాక

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తెచ్చుకునే వెసులుబాటు ఉంది కానీ, అది గడువు పెంచడం మాత్రమే. విండోస్ 11కి వెళ్దామంటే మెషీన్‌లో టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. శుభ్రంగా పనిచేస్తున్న పాత లాప్‌టాప్‌లు ఎన్నో ఆ గీతకి ఇవతలే ఆగిపోయాయి. దాంతో పాతికేళ్ళు దాటిన వాదన ఒకటి మళ్ళీ మొదలైంది: లినక్స్‌కి మారాలా, వద్దా?

ఈ వాదనకి ఇంగ్లీషులో ఒక క్లాసిక్ ఉంది. 'స్నో క్రాష్', 'క్రిప్టోనోమికాన్' నవలల రచయిత నీల్ స్టీఫెన్‌సన్ 1999లో రాసిన 'ఇన్ ద బిగినింగ్ వాజ్ ద కమాండ్ లైన్'. మొదట ఇంటర్నెట్‌లో ఊరికే చదువుకోమని పెట్టాడు, అదే ఏడాది చిన్న పుస్తకంగా కూడా వచ్చింది. ఒక పూటలో అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళలో దీన్ని చదవనివాళ్ళు కూడా ఇందులోని కార్ల షాపుల పోలికని ఎక్కడో ఒకచోట విని ఉంటారు. విండోస్ 10 గొడవ పుణ్యమా అని నేను దీన్ని మళ్ళీ చదివాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పుస్తకంలో అందరికీ గుర్తున్న పోలిక ఇవాళ మనకి పెద్దగా పనికిరాదు. ఎవరూ పెద్దగా తలుచుకోని ఒక చిన్న భాగం మాత్రం తెలుగులో రాసేవాళ్ళకీ, తెలుగు పుస్తకాలు మిగలాలని కోరుకునేవాళ్ళకీ చాలా అవసరం.

*

ముందు ఆ పోలిక. నాలుగు రోడ్ల కూడలి, పక్కపక్కనే కార్ల షాపులు. అన్నిటికంటే పెద్ద షాపు మైక్రోసాఫ్ట్‌ది. మొదట్లో సైకిళ్ళు అమ్మేది (అంటే డాస్), తర్వాత ఆ సైకిలుకి మోటారు తగిలించుకునే కిట్టు అమ్మింది, ఆ తర్వాత చూడ్డానికి అంత బాగుండని, కానీ అందరూ కొనే పెద్ద ఫ్యామిలీ కారు తెచ్చింది. పక్కనే ఆపిల్. నున్నటి, ఖరీదైన కార్లు, లోపల ఏముందో చూడకుండా బానెట్‌కి సీలు వేసినవి. ఇంకో మూల బీఓఎస్ అనే, ఇవాళ చాలామందికి పేరు కూడా తెలియని సిస్టమ్. దానివి సినిమాలో బ్యాట్‌మన్ నడిపేలాంటి బళ్ళు. ఇక లినక్స్ అసలు షాపే కాదు. ఖాళీ స్థలంలో డేరాలు వేసుకున్న కొంతమంది కుర్రాళ్ళు. వాళ్ళు తయారుచేసేవి ట్యాంకులు. చెడిపోవు, పెట్రోలు తాగవు, మామూలు రోడ్డు మీద నడుస్తాయి. తాళంచెవులు వాటికే ఉంటాయి. ఎవరికి కావాలంటే వాళ్ళు ఎక్కి తోలుకుపోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు.

అయినా కూడలికి వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది నేరుగా పెద్ద షాపుకే వెళ్తారు. ట్యాంకుల కుర్రాడు మైకు పట్టుకుని అరుస్తాడు. కొనేవాడు ట్యాంకు రిపేరు తనకి రాదంటాడు. నీకు కారు రిపేరు మాత్రం వచ్చా అని కుర్రాడు. షాపులో మెకానిక్కులు ఉన్నారుగా అని ఇతను. మేం నువ్వు నిద్రపోతుండగా మీ ఇంటికొచ్చి ఊరికే బాగుచేస్తాం అని అతను. మా ఇంటి ఛాయలకి రావద్దు అని ఇతను.

ఇది బాగుంటుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నవ్వొస్తుంది, ఎందుకంటే ఇందులో మనుషుల గురించిన పరిశీలన ఉంది. డబ్బు తీసుకునేవాడిని నమ్ముతాం, ఊరికే ఇచ్చేవాడిని అనుమానిస్తాం. సాయం చేస్తానని మీదకొచ్చే నిపుణుడంటే మనకి భయం. లినక్స్ వాడే స్నేహితుడు ఉన్న ప్రతివాళ్ళకీ ఈ భయం అర్థమవుతుంది. ఒక ప్రింటర్ కనెక్ట్ అవడం లేదని చెప్తే అతను అరగంటలో మన మొత్తం జీవన విధానాన్ని ప్రశ్నిస్తాడు.

స్టీఫెన్‌సన్ కంటే ఐదేళ్ళ ముందే, 1994లో, ఉంబెర్టో ఎకో ఇటలీ పత్రిక 'లెస్ప్రెస్సో'లోని తన శీర్షికలో ఇలాంటి ఆటే ఆడాడు. ఆయన తెచ్చింది కార్లని కాదు, మతాలని. మ్యాకింటాష్ క్యాథలిక్. చెప్పినట్టు మెట్టు మెట్టుగా చేసుకుంటూ వెళ్తే అందరికీ మోక్షం. డాస్ ప్రొటెస్టెంట్. గ్రంథాన్ని ఎవరికి వాళ్ళే అర్థం చేసుకోవాలి, అందరికీ మోక్షం రాదు. విండోస్ ఆంగ్లికన్ చర్చి లాంటిది. పైకి పెద్ద పెద్ద పూజలు, లోపల కావాలంటే మళ్ళీ డాస్‌లోకి జారిపోవచ్చు. ఎరిక్ రేమండ్ తన వ్యాసానికి 'ద కెథీడ్రల్ అండ్ ద బజార్' అని పేరు పెట్టింది 1997లో. ఆ దశాబ్దంలో ఆపరేటింగ్ సిస్టమ్ గురించి రాసినవాళ్ళు చేతికందిన ప్రతి పోలికనీ వాడేశారు.

ఎకో, స్టీఫెన్‌సన్ చెప్పినవి వేర్వేరుగా కనిపించినా వాళ్ళు చేసింది ఒకటే పని. ఆపరేటింగ్ సిస్టమ్‌ని స్వభావానికి గుర్తుగా మార్చారు. నువ్వు ఏ మతంవాడివి, ఏ బండి నడిపేవాడివి? మారాలా వద్దా అనే ప్రశ్న అలా 'నేను ఎలాంటి మనిషిని' అనే ప్రశ్న అయిపోయింది. ఇవాళ్టికీ మన వాదనలు ఇక్కడే తిరుగుతున్నాయి. "లినక్స్ మనలాంటివాళ్ళకి కాదు" అన్నవాడూ, "ఒకసారి టెర్మినల్ అలవాటైతే ఇంక వదలవు" అన్నవాడూ మాట్లాడేది కంప్యూటర్ గురించి కాదు, తమ గురించి.

*

ఈ పోలికని కాలం ఏం చేసిందో చూడండి. బీఓఎస్ బ్యాట్‌మన్ బళ్ళ షాపు ఎప్పుడో మూసేశారు. ఆపిల్ తన మ్యాక్ ఓఎస్ టెన్‌ని యూనిక్స్ పునాది మీద కట్టుకుంది, అంటే సీలు వేసిన బానెట్ కింద ట్యాంకు జాతి ఇంజనే పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ 2016 నుంచి విండోస్ లోపలే లినక్స్ నడుపుకునే ఏర్పాటు ఇస్తోంది. ఫ్యామిలీ కారు డిక్కీలో ట్యాంకు. ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే. ప్రపంచంలోని 500 అతి వేగమైన సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి అన్నీ లినక్స్ మీద నడిచేవే. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా లినక్స్ సర్వర్లలోకి లాగిన్ అయి, ఇంటికొచ్చి "లినక్స్ మనకెందుకులే" అనే ఇంజనీర్లకి కొదవలేదు. మేమందరం అదే బాపతు.

స్టీఫెన్‌సన్‌కి కూడా ఇది తెలుసు. 2004లో పాఠకుల ప్రశ్నలకి జవాబిస్తూ, తాను మ్యాక్ ఓఎస్ టెన్‌కి వెళ్ళిపోయాననీ, ఆ పుస్తకంలో చాలా భాగం పాతబడిందనీ ఒప్పుకున్నాడు. అదే ఏడాది గారెట్ బిర్కెల్ అనే ప్రోగ్రామర్ ఆయన అనుమతితో ఆ వ్యాసం మధ్యమధ్యలో తన వ్యాఖ్యలు చేర్చి 'ద కమాండ్ లైన్ ఇన్ 2004' అని ప్రచురించాడు. ట్యాంకు ఎక్కమన్న రచయితే ఐదేళ్ళలో దిగిపోయాడని కొందరు వెక్కిరించారు. అది అన్యాయం. బళ్ళు మార్చినంత మాత్రాన మనిషి మాట తప్పినట్టు కాదు. కాకపోతే ఒకటి తేలింది. స్వభావాన్ని బట్టి బండి ఎంచుకుంటామన్న సిద్ధాంతం దాన్ని చెప్పినవాడి విషయంలోనే నిలబడలేదు.

మన పొరుగునే ఇంకో ఉదాహరణ ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఐటీ చదువు 2000ల దశకంలోనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీదకి వెళ్ళింది. ఇవాళ్టికీ అక్కడి పిల్లలు బడిలో నేర్చుకునేది లినక్స్ మీదే. ఆ పిల్లలెవరూ ట్యాంకు నడిపే స్వభావంతో పుట్టలేదు. టీచర్లకి శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలు దానికి తగ్గట్టు రాశారు, మలయాళం ఫాంట్లు చేసేవాళ్ళు పక్కన నిలబడ్డారు. అయిపోయింది. దీనికి ఎదురు ఉదాహరణ మ్యూనిక్ నగరపాలక సంస్థ. 2003లో మారాలని నిర్ణయించుకుని, పదేళ్ళలో దాదాపు 15,000 కంప్యూటర్లని లినక్స్‌కి మార్చి, 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్ళాలని ఓటేసింది. రెండుచోట్లా ఫలితాన్ని తేల్చింది మనుషుల స్వభావం కాదు. చుట్టూ ఉన్న ఏర్పాట్లు, రాజకీయ నిర్ణయాలు.

*

పుస్తకంలో సాహిత్య పాఠకులకి నచ్చే వాదన ఇంకొకటి ఉంది, పేరులో ఉన్నది అదే. మౌస్‌తో బొమ్మల మీద నొక్కడం అంటే, స్టీఫెన్‌సన్ దృష్టిలో, ఎవరో మన కోసం తయారుచేసిపెట్టిన అనుభవాన్ని తీసుకోవడం. డిస్నీ వరల్డ్‌కి వెళ్ళి అసలు కోటకి బదులు కోట నమూనా చూసి రావడం లాంటిది. కమాండ్ లైన్ అంటే మాట. మాట రాసి యంత్రంతో మాట్లాడటం. రాతని వదిలి బొమ్మల వెంట పడుతున్న సంస్కృతి మీద ఆయన చేసే విమర్శ చాలా దూరం వెళ్తుంది. హెచ్.జి. వెల్స్ నవలలోని ఎలోయిలూ మోర్లాక్‌లూ వస్తారు. పైన ఎండలో ఆడుకునే అమాయకులు, కింద చీకట్లో యంత్రాలు నడిపేవాళ్ళు. కాకపోతే ఇక్కడ కింద ఉన్నవాళ్ళకే అన్నీ తెలుసు.

చదువుతున్నంతసేపూ ఇది నిజమే అనిపిస్తుంది. పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ళకి రాతని పొగిడితే నచ్చకుండా ఎలా ఉంటుంది? కానీ ఒక్కసారి ఆగి, ఇక్కడ రాత అంటే ఏ భాషలో రాత అని అడగాలి. గ్రెప్, సూడో, సీడీ, ఎల్‌ఎస్. కమాండ్ లైన్‌లో మాటకి ప్రాణం ఉంది, అది ఇంగ్లీషు ప్రాణం. స్టీఫెన్‌సన్‌కి తన మాతృభాషే యంత్రం భాష కూడా. అందుకే అక్షరాస్యత, కమాండ్ లైన్ రెండూ ఒకటేనని ఆయనకి తేలిగ్గా అనిపించింది.

విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో డీటీపీ సెంటర్లో కూర్చుని తెలుగు పుస్తకాలు పేజీలు కట్టిన ఆపరేటర్లని తలుచుకోండి. చేతిరాత ప్రతిలోని అరసున్నా దగ్గర్నుంచి రచయిత కొట్టేసి మళ్ళీ రాసిన వాక్యం దాకా అన్నీ చూసి కొట్టినవాళ్ళు. 1990ల నుంచి మనం చదివిన కథలూ కవిత్వమూ వాళ్ళ చేతులమీదుగా వచ్చినవే. వాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు అంతంతమాత్రం. బొమ్మలూ మెనూలూ ఉన్నాయి కాబట్టే ఆ యంత్రం వాళ్ళకి అందింది. స్టీఫెన్‌సన్ లెక్కలో వాళ్ళు ఎలోయిలు. తెలుగు లెక్కలో వాళ్ళకంటే అక్షరాస్యులు ఎవరు? అందరూ లోనికి రావడానికి తలుపు తీసిన బొమ్మల్ని రాతకి శత్రువులుగా చూడటం అమెరికన్ రచయితకి చెల్లుతుంది, మనకి చెల్లదు.

*

ఇప్పుడు ఎవరూ తలుచుకోని ఆ భాగానికి వస్తాను.

స్టీఫెన్‌సన్ ఎందుకు మారాడు? కార్ల పోలిక చదివినవాళ్ళు ట్యాంకు గొప్పతనం చూసి మారాడనుకుంటారు. పుస్తకంలో ఆయన చెప్పిన కారణం వేరు. 1995 ప్రాంతంలో ఆయన తన మ్యాక్ లాప్‌టాప్‌లో ఒక ముఖ్యమైన ఫైలు సేవ్ చేయబోతే అది మొత్తంగా తుడిచిపెట్టుకుపోయింది. డేటా తిరిగి తెచ్చే ప్రోగ్రాములకి కూడా దొరకలేదు. ఇంకోచోట ఇంకా ఆసక్తికరమైన సంగతి చెప్తాడు. 1985 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో రాసుకున్న డాక్యుమెంట్లని కొన్నేళ్ళ తర్వాత అప్పటి కొత్త వర్డ్‌లో తెరిస్తే తెరుచుకోలేదు. తన పాత వెర్షన్ రాసిన ఫైలుని కొత్త వెర్షన్ గుర్తుపట్టలేదు. ఉత్త టెక్స్టుగా తెరిస్తే ఆయన రాసిన మాటలైతే ఉన్నాయి, వాటి మధ్య అంతా ఖాళీ డబ్బాలూ పిచ్చి గుర్తులూ. వ్యాపారం చేసేవాడికి ఇది చికాకు అంతే, మాటలు నిలబెట్టడమే పనిగా ఉన్న రచయితకి మాత్రం అలా కాదు అని ఆయన బాధ.

నా దృష్టిలో ఈ పుస్తకానికి గుండె ఇది. రచయిత దీన్ని రెండు మూడు పేరాల్లో చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు, ట్యాంకులకి మాత్రం పేజీలకి పేజీలు ఇచ్చాడు. పాఠకులూ అదే పట్టుకున్నారు. పోలిక రుచిగా ఉంటే అసలు విషయం పక్కకి జరగడం సాహిత్యంలో కొత్తేమీ కాదు.

అయితే స్టీఫెన్‌సన్‌కి ఒక అదృష్టం ఉంది. ఫైలు ఎంత పాడైనా ఆయన మాటలు మిగిలాయి. ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాలకి 1960ల నుంచీ ఆస్కీ అనే ఉమ్మడి లెక్క ఉంది. ఏ కంపెనీ, ఏ ప్రోగ్రామైనా 'ఎ' అనే అక్షరానికి అదే అంకె. తెలుగుకి ఆ అదృష్టం లేదు. 1991లోనే యూనికోడ్ మొదటి వెర్షన్‌లో తెలుగు ఉంది, అదే ఏడాది మన దేశానికి ఇస్కీ అనే ప్రమాణమూ ఉంది. కానీ మన డీటీపీ లోకం నడిచింది అనూ లాంటి ఫాంట్ల మీద, పేజ్‌మేకర్ మీద. ఈ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కలు పెట్టారు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో కొమ్ము, ఇంకో గదిలో వత్తు. కంటికి 'క్షేమం' కనిపిస్తుంది. ఫైల్లో ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. ఒక్కో సంస్థ ఫాంటుకి ఒక్కో అమరిక. ఆ ఫాంటు లేకపోతే ఆ ఫైల్లో తెలుగు లేదు.

ఆ రోజుల్లో ఇది తప్పనిసరి ఏర్పాటు. దాన్ని చేసినవాళ్ళని తిట్టక్కర్లేదు, వాళ్ళు లేకపోతే తెలుగు పుస్తకాలే వచ్చేవి కావు. కానీ ఫలితం చూడాలి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసింది. 1990ల నుంచి దాదాపు రెండు దశాబ్దాల తెలుగు సాహిత్యానికి మూల ప్రతులు ఆ రూపంలోనే సీడీల్లో, పాత హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. మళ్ళీ ముద్రించాలంటే కన్వర్టర్‌లో వేసి వత్తులూ దీర్ఘాలూ ఒక్కొక్కటిగా దిద్దుకోవాలి, లేదా అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మొదటి నుంచీ టైప్ చేయించాలి. స్టీఫెన్‌సన్ మాటల మధ్య డబ్బాలు వచ్చాయి. మనకి మాటలే డబ్బాలైపోయాయి.

దీనికి మందు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 2000లలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లకి ఎవరి ఫాంటు వాళ్ళది. ఒకటి చదవాలంటే ఒకటి, ఇంకొకటి చదవాలంటే ఇంకొకటి దించుకోవాలి. అప్పుడు ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అనే చిన్న ఎక్స్‌టెన్షన్ ఉండేది. ఆ పేజీల్ని తెరిచినప్పుడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. బ్రౌజర్ ఓపెన్ సోర్స్, ఎక్స్‌టెన్షన్ కూడా ఓపెన్ సోర్స్. ఏ కంపెనీకీ లాభం లేని పని, కానీ కావలసినవాళ్ళు చేసుకోగలిగారు, ఎందుకంటే ఎవరి అనుమతీ అడగక్కర్లేకపోయింది.

అనుమతి అడగాల్సి వస్తే ఎలా ఉంటుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు క్రాష్ అవుతున్నాయని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. ఆ అక్షరం 'జ్ఞా'. మనం మామూలుగా కొట్టే జ్ఞానం కాదు, 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తు చేరినది. అది మెసేజ్‌లో వస్తే ఆ యాప్ పడిపోయేది. కొద్ది రోజుల్లో ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఓపెన్ సోర్స్‌లో మాత్రం ఇలాంటి బగ్గులు రావా అంటే, వస్తాయి. తేడా ఒక్కటే. గుణింతాలూ వత్తులూ ఎలా పనిచేస్తాయో బాగా తెలిసిన తెలుగు ఇంజనీర్లు ఎంతమంది ఉన్నా ఆ వారం చేయగలిగింది ఏమీ లేదు. తమ అక్షరం మీద వస్తున్న జోకులు చదువుతూ కూర్చున్నారు.

*

ఈ తేడాని అందరికంటే ముందు గట్టిగా పట్టుకున్నది రిచర్డ్ స్టాల్‌మన్. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబ్‌లో జిరాక్స్ కంపెనీ ఇచ్చిన లేజర్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటూ ఉండేది. అంతకుముందున్న ప్రింటర్‌కైతే ఇరుక్కున్నప్పుడు అందరికీ కబురు వెళ్ళేలా ఆయన ప్రోగ్రాము మార్చుకున్నాడు. కొత్తదానికి సోర్స్ కోడ్ లేదు. అది ఉన్న ఒక ప్రొఫెసర్ని వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం రాసిచ్చానన్నాడు. 1983లో గ్నూ ప్రాజెక్టు మొదలవడానికి వెనకున్న కోపాల్లో ఇది ఒకటి. చెడిపోయిన ప్రింటర్ మీద కాదు ఆ కోపం, బాగుచేసుకోనివ్వని ఒప్పందం మీద.

నలభై ఏళ్ళుగా స్టాల్‌మన్ ఉపన్యాసాల్లో సగం కాలం ఒకే వివరణకి పోతుంది: 'ఫ్రీ' అంటే డబ్బు తీసుకోకపోవడం కాదు, స్వేచ్ఛ అని. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట కాబట్టి ఆ పాట్లు. స్టీఫెన్‌సన్ పోలికలో కూడా ట్యాంకు ఊరికే రావడమే ఎక్కువగా కనబడుతుంది. తెలుగులో ఈ చిక్కే లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపే సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. భాష మనకి ఇంత స్పష్టంగా విడదీసి ఇచ్చినా, మన వాదనల్లో లినక్స్ గురించి మొదట వచ్చే మాట "ఫ్రీ కదా, ఏం పోయింది, వేసి చూడు" అనేదే. విండోస్ కూడా లాప్‌టాప్‌తోపాటే వస్తుంది కాబట్టి మనకి అదీ ఊరికే వచ్చినట్టే అనిపిస్తుంది. అందుకే ధర మీద నడిచే వాదనకి మన దగ్గర పస లేదు.

స్టాల్‌మన్ వాదనతో నాకు పేచీ ఒకచోటే. ఆయన లెక్కలో మూసిన సాఫ్ట్‌వేర్ అంతా అన్యాయమే, మధ్యస్థం లేదు. తెలుగు చరిత్ర అంత సూటిగా లేదు. యూనికోడ్‌ని నిలబెట్టింది పెద్ద కంపెనీలే, వాటిలో మైక్రోసాఫ్టూ ఆపిలూ ఉన్నాయి. మామూలు ఇళ్ళల్లోని కంప్యూటర్లకి తెలుగు యూనికోడ్ చేరింది విండోస్ ఎక్స్‌పీతో, దాని గౌతమి ఫాంటుతో. ఆ మేలు మర్చిపోకూడదు. మరోపక్క, ఇవాళ క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో, లిబ్రె ఆఫీస్‌లో తెలుగు వత్తులని సరైన చోట కూర్చోబెడుతున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. పేరు పర్షియన్. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. హర్ఫ్ హైదరాబాద్‌కి కొత్త మాటేం కాదు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి, రామరాజ, సురవరం, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు కూడా ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునే లైసెన్సుతో ఉన్నాయి. విండోస్‌లో కూర్చుని క్రోమ్‌లో తెలుగు చదివేవాడు తనకి తెలియకుండానే రెండు లోకాల సాయమూ పొందుతున్నాడు. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని గీత గీయడం కష్టం. ఏది అందరిదీ, ఏది ఒకరిది అని గీత గీయవచ్చు.

*

మరి మారాలా, వద్దా?

నా ఇంటి లాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది, ఆఫీసు మెషీన్ ఆఫీసు ఇష్టం. కానీ మారమని ఎవరికీ నేను చెప్పను. ఇన్‌డిజైన్ లినక్స్ మీద నడవదు కాబట్టి పేజీలు కట్టి బతికేవాళ్ళని ట్యాంకు ఎక్కమనడం వాళ్ళ అన్నం మీద ఉపన్యాసం ఇవ్వడమే. నేను అడిగేది ఇంకొకటి. నువ్వు రాసింది ఏ రూపంలో ఉంది? యూనికోడ్‌లో ఉందా? ఉత్త టెక్స్టుగానో, 2006లోనే ఐఎస్ఓ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్ రూపంలోనో ఒక కాపీ ఉందా? ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం ఒక శనివారం పని. ఇవాళ కాకపోతే వచ్చే ఏడాది మారొచ్చు, మారి నచ్చకపోతే వెనక్కి రావొచ్చు. లేకపోతే మాత్రం విండోస్‌లో ఉన్నా, లినక్స్‌కి వచ్చినా నీ రాత వేరేవాళ్ళ తాళం కిందే ఉంది. మారడం కంటే మారగలగడం ముఖ్యం. అది పోయిందని మనకి తెలిసేది గడువు తేదీ ప్రకటించాకే.

స్టీఫెన్‌సన్ పుస్తకం చదవమనే చెప్తాను. పాతబడినా అందులో వేగం ఉంది, హాస్యం ఉంది, కంప్యూటర్ గురించి ఇంత ఇష్టంగా రాసిన వచనం తక్కువ. ట్యాంకుల భాగం నవ్వుకోవడానికి చదవండి. డిస్నీ భాగం వాదించుకోవడానికి చదవండి. 1985 నాటి ఫైళ్ళ గురించి రాసిన చోటికి వచ్చాక మాత్రం పుస్తకం పక్కన పెట్టి, ఇంట్లో ఏ బీరువా సొరుగులోనో పడి ఉన్న పాత సీడీలు బయటికి తీయండి. నాన్నగారి కవితల సంపుటో, అత్తయ్య రాసిన నవలో, మీ కాలేజీ రోజుల పత్రికో అందులో ఉండే ఉంటుంది. అది తెరుచుకుంటుందేమో చూడండి. తెరుచుకుంటే ఆ రోజే యూనికోడ్‌లోకి మార్చి, నలుగురి దగ్గరా నాలుగు కాపీలు పెట్టండి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలన్నది తర్వాత తీరిగ్గా వాదించుకోవచ్చు.